కటింగ్ ప్లేయర్

తిరుపతిలో, అలిపిరి దోవలో, పెద్దాసుపత్రి.
పడమటి కొసన నా గది.
మైనపు దిమ్మెలో కుదురుకున్న కండను
మూడు మైక్రాన్ల మందాన కోయడం నా పని.
ఇరవై రెండేళ్ళుగా ఇదే.
ఉల్లిపొర దీనిముందు గోనెపట్టా.

గోరువెచ్చటి నీళ్ళమీద రిబ్బను తేలుతుంది.
గాజుపలకతో ఒడిసిపట్టి రంగులు పోస్తాను.
ఈ పొద్దు దిమ్మె మీద నంబరే ఉంది, పేరు లేదు.
నాకు పేరు తెలుసు.

కుప్పమ్మ.
బంగారుపాళెంలో బస్సెక్కి వచ్చింది.
గుజ్జు ఫ్యాక్టరీలో పదిహేను సీజన్లు
తోతాపురి చెక్కిన చెయ్యి.
ముక్క వేసిన డబ్బా అందిస్తుంటే చూశాను,
ఎడమ బొటనవేలి మీద తెల్లటి గీత.
"కత్తి జారింది సామీ. ఎనిమిది నాళ్ళకే మానిపాయ.
నా ఒళ్ళు మంచి ఒళ్ళు"
అని నవ్వింది.

లెన్సు కింద ఇప్పుడు
గడ్డ కణాలు నీలం.
చుట్టూ మూగినవి వేరే.
పుస్తకంలో వాటి పేరు మ్యాక్రోఫేజ్,
నేను కావలోళ్ళనే అంటాను.
వాటి కడుపునిండా గోధుమరంగు.
ఎంజైమ్ ఉన్నచోటే అంటుకునే రంగది,
రీసెర్చి చేసే సుగుణశ్రీ వేయమన్నది.
ఫిల్టర్ కాఫీ ఒలికినట్టు
గడ్డ అంచు పొడుగునా చుక్కలు.
చుక్క ఉన్నచోటల్లా
కొల్లాజెన్ దారం తెగి ఉంది.
తెగిన సందులోంచి నీలం కణాలు
ఒకదాని వెనక ఒకటి,
టోకెన్లు దొరికిన క్యూలా,
నెత్తురు పారే గొట్టం వైపు.

కోసింది గడ్డ ఒక్కటే కాదు.
ఆనాడు బొటనవేలి గాయంలోకి పరుగెత్తి
చచ్చినదాన్ని కత్తిరించి
కొత్త చర్మానికి చోటిచ్చిన జాతి.
అదే కత్తెర.

వరండాలో ఆమె అడిగింది,
"ఏం కనపడింది సామీ?"
చెప్పే హక్కు నాది కాదు.
అయినా నోరు జారింది:
"కావలోళ్ళే కంచె తెంపినారమ్మా."

ఆమె ఏడవలేదు.
బెంచీ మీద జరిగి నాకు చోటిచ్చింది.

"మా ఫ్యాక్టరీలో చెంగల్రాయుడని కావిలోడు ఉండె.
ఒగ రేయి ఎవురో అరిసినారు,
షెడ్డులో మంట, లోపల ఆడోళ్ళు ఉండారని.
తాళం చెవి చేతికి దొరకలా.
కటింగ్ ప్లేయరెత్తుకోని కంచె కోసేసినాడు.
మంటా లేదు, మనుసులూ లేరు.
ఆ సందులోనే డ్రమ్ములకి డ్రమ్ములు గుజ్జు
లారీకెత్తుకోని పొయినారు.
తెల్లారి అందరూ వాడినే కొట్టినారు.
నేను కొట్టలా.
వాడు దొంగ కాదు సామీ,
వాణ్ణి పిలిసిన గొంతు దొంగది."

నేను గదికి వచ్చేశాను.
మళ్ళీ లెన్సు మీద కన్ను పెట్టాను.
మానని గాయం గొంతుతో
గడ్డ రేయింబవళ్ళు కేకేస్తూనే ఉంటుంది.
వీళ్ళు పరుగెత్తుతూనే ఉంటారు
చేతిలో పనిముట్టుతో.

సుగుణశ్రీ చెప్పింది,
ఎప్పుడో కత్తెరలన్నిటినీ
మందుతో కట్టేసి చూశారట.
కీళ్ళు బిగుసుకున్నాయి,
జబ్బు మాత్రం ఆగలేదు.
ఏ కత్తెర, ఎవరి చేతిది, ఏ రోజుది
అని ఇప్పుడు వెతుకుతున్నారు.
అందుకే ఈ గోధుమరంగు.

బస్సు వేళకు కుప్పమ్మ మళ్ళీ తొంగిచూసింది.
"మంట లేదని వాళ్ళకి ఎవురన్నా చెప్తారా సామీ?"

నేను డబ్బాల మూతలు బిగిస్తూ ఉండిపోయాను.

సాయంత్రం బ్లేడు మారుస్తుంటే
చూపుడువేలు తెగింది.
ప్లాస్టరు వెంటనే వేయలేదు.
కుళాయి కింద పెట్టి
చూస్తూ నిలబడ్డాను.
లోపల ఎవరెవరో పరుగెత్తుకొస్తున్నారు.
రండి.
ఈసారి మంట నిజమే.